చెట్టెక్కే డాక్టరు

మనకు ఒంట్లో బాగుండకపోతే డాక్టరు దగ్గరకు వెళతాం. గేదెకు జబ్బు చేస్తే పశువుల డాక్టరున్నాడు. వరిచేనుకు తెగులు సోకితే వ్యవసాయశాఖవారు మందు చెబుతారు. మరి వీధి మలుపులో నలభై ఏళ్లుగా నీడనిస్తున్న వేపచెట్టుకు సుస్తీ చేస్తే?

దానికీ ఒక డాక్టరున్నాడు. ఇంగ్లీషువారు అతణ్ణి ‘ట్రీ సర్జన్’ అంటారు. మనం వృక్షవైద్యుడు అందాం. ఈ వైద్యానికి ఒక చిక్కుంది. రోగి డాక్టరు దగ్గరకు నడిచి రాదు. డాక్టరే రోగి మీదికి ఎక్కాలి! చేతిలో రంపం, నడుముకు తాడు, కింద నలభై అడుగుల శూన్యం. ఇదీ అతని ఆపరేషన్ గది.

చెట్లకు వైద్యమనే ఆలోచన మనకు కొత్తది కాదు. సుమారు వెయ్యేళ్ల కిందట సురపాలుడు సంస్కృతంలో ‘వృక్షాయుర్వేదం’ అనే గ్రంథం రాశాడు. అయితే చెట్టు శరీరం లోపల అసలు ఏం జరుగుతుందో స్పష్టంగా తెలిసింది మాత్రం గత యాభై ఏళ్లలోనే. ఆ సంగతులు తెలుసుకోవటానికి విశాఖపట్నంకంటే మంచి ఊరు దొరకదు. ఎందుకంటే ఒక్క రోజులో ఎన్ని చెట్లు పోగలవో ఆ ఊరు కళ్లారా చూసింది.

ఒక్కరోజులో బోడి అయిన నగరం

2014 అక్టోబరు 12. ఆదివారం మధ్యాహ్నం. హుద్‌హుద్ అనే పెనుతుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. తుఫాను కన్ను నగరం మీదుగా వెళ్లేటప్పుడు కాసేపు గాలి ఆగింది. హమ్మయ్య అనుకునేలోపల మళ్లీ మొదలైంది. ఈసారి ఎదుటి దిక్కునుంచి! మొదటి గాలికి ఒక పక్కకు ఒరిగి వేళ్లు వదులైన చెట్లను రెండవ గాలి రెండవ పక్కకు ఊపింది.

సాయంత్రానికి రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోయాయి. జంతు ప్రదర్శనశాలలోనూ, కంబాలకొండ అడవిలోనూ, విశ్వవిద్యాలయం ఆవరణలోనూ పెద్ద పెద్ద మానులు వేళ్లతో సహా లేచాయి. మిగిలిన చెట్లకు ఆకన్నది లేదు. నిన్నటిదాకా పచ్చగా ఉన్న కైలాసగిరి మంట తగిలినట్లు గోధుమరంగుకు తిరిగింది. చెట్లు తీగల మీద పడటంతో, స్తంభాలు విరగటంతో నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక నీళ్లు లేవు. అంబులెన్సు వెళ్లాలంటే ముందు రంపం వెళ్లాలి.

అన్ని చెట్లూ కూలలేదు కదా! ఒకే వీధిలో, ఒకే గాలికి ఒక చెట్టు కూలింది, దాని పక్కది నిలబడింది. ఎందుకు? వృక్షవైద్యుడు వేసుకునే మొదటి ప్రశ్న ఇదే.

గాలి లెక్క

గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. ఈ వేగంతో వచ్చే గాలి, ఎదురుగా నిటారుగా నిలబెట్టిన ఒక చదరపు మీటరు పలక మీద సుమారు 1500 న్యూటన్ల బలంతో తోస్తుంది. అంటే 150 కిలోల బరువన్నమాట. ఇద్దరు పెద్దమనుషులు కలిసి ఒక తలుపుమీద పడ్డట్లు! ఇంకో సంగతి. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 90 కిలోమీటర్ల గాలికంటే 180 కిలోమీటర్ల గాలి రెండింతలు కాదు, నాలుగింతలు తోస్తుంది.

చెట్టు పలకలాగా బిగుసుకుని నిలబడదు. కొమ్మలు వంచుతుంది, ఆకులు ముడుస్తుంది, చివరకు ఆకులు రాల్చుకుని గాలికి దారి వదులుతుంది. అందుకే హుద్‌హుద్‌కు ఆకులన్నీ పోగొట్టుకున్న చెట్లు చాలా కొద్ది వారాల్లోనే మళ్లీ చిగిర్చాయి. అవి చచ్చిపోలేదు. తలపాగా వదిలేసి ప్రాణం దక్కించుకున్నాయి, అంతే.

కొబ్బరి, తాటి చెట్లకు కొమ్మలే లేవు. మాను కొరడాలాగా వంగుతుంది, మట్టలు గాలివాటానికి ఒక పక్కకు చేరతాయి. అలాగని వాటికి ప్రమాదం లేదనుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లక్షలాది కొబ్బరిచెట్లను పడగొట్టింది. ప్రతి చెట్టుకూ ఓర్చుకోగల హద్దు ఒకటుంటుంది. ఆ హద్దును ముందుగానే తగ్గించేసేది చాలావరకు మనమే. ఎలాగో చూద్దాం.

కాళ్లు నరికి నిలబడమంటే?

చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయని చాలామంది నమ్మకం. నిజానికి వేళ్లలో ఎక్కువభాగం నేలలో పైన ఉండే మీటరు లోతులోనే ఉంటాయి. కాకపోతే పక్కలకు కొమ్మల చివర్లు దాటి చాలా దూరం పాకుతాయి. ఎందుకంటే వేరుకు నీరే కాదు, గాలి కూడా కావాలి. లోతుకు వెళ్లేకొద్దీ మట్టిలో గాలి తగ్గిపోతుంది.

ఇప్పుడు నగరంలో చెట్టును తలచుకోండి. ఒక పక్క మురుగుకాలవ కోసం తవ్వారు. సగం వేళ్లు తెగాయి. రెండవ పక్క తారురోడ్డు. మాను చుట్టూ సిమెంటు గచ్చు. పైన మాత్రం కొమ్మలు యథాప్రకారం. ఇది కాళ్లు నరికి నెత్తిన బుట్ట అలాగే ఉంచటం లాంటిది. వాన కురిసి మట్టి బురదయ్యాక పెద్దగాలి వస్తే అది నిలబడటమే ఆశ్చర్యం. 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసివేయమని ఆదేశించింది ఇందుకే. హుద్‌హుద్ తరువాత ప్రపంచబ్యాంకు సాయంతో విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి మార్చే పని చేపట్టారు. చెట్టు పడితే తీగ తెగే బాధ దీనితో తప్పుతుంది. కాని కందకం ఎక్కడ తవ్వాలన్నది చెట్టు వేళ్లను చూసి నిర్ణయించుకోవాలి. లేకపోతే తీగ దక్కి చెట్టు పోతుంది.

మట్టి గట్టిబడటం ఎంత హానో లండనులో ఒక ఓక్ చెట్టు తమాషాగా రుజువు చేసింది. క్యూ ఉద్యానవనంలో రెండువందల ఏళ్లనాటి ఆ చెట్టు చాలాకాలంగా నీరసించి ఉంది. 1987 అక్టోబరు 16 తెల్లవారుజామున వచ్చిన పెద్దగాలికి ఆ తోటలో సుమారు 700 చెట్లు కూలాయి. ఈ ఓక్ చెట్టును గాలి వేళ్లముద్దతో సహా పైకెత్తి మళ్లీ అదే గుంటలో కూర్చోబెట్టింది. ఇక చస్తుందనుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి అది ముందెన్నడూ లేనంత పచ్చగా పెరిగింది! ఏళ్ల తరబడి సందర్శకుల కాళ్లకింద రాయిలా గట్టిపడిన మట్టిని గాలి ఒక్క కుదుపుతో వదులు చేసింది. వేళ్లకు ఊపిరాడింది. ఆ తరువాత క్యూ తోటవారు పాతచెట్ల కింద మట్టిని గుల్లచేసే పనికి పూనుకున్నారు.

చెట్టు గాయం మానదు

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మీ మోకాలు దోక్కుపోతే వారంరోజుల్లో పాతచర్మం స్థానంలో కొత్తచర్మం వస్తుంది. దీన్ని మానటం అంటాం. చెట్టుకు ఆ శక్తి లేదు. పాడైన కొయ్యను అది బాగుచేసుకోలేదు. చెట్టు గాయం మానదు, మూతపడుతుంది!

ఈ తేడాను లోకానికి స్పష్టం చేసినవాడు అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో. ఆయన వేలాది చెట్లను మోటారు రంపంతో నిలువునా చీల్చి, పాత గాయాల దగ్గర లోపల ఏం జరిగిందో పరీక్షించాడు. 1977లో తన ఫలితాలను వివరంగా ప్రకటించాడు.

గాయంలోనుంచి శిలీంధ్రాలు, అంటే బూజు జాతి జీవులు, లోపలికి దూరతాయి. అప్పుడు చెట్టు ఏం చేస్తుంది? గోడలు కడుతుంది. మొదటిది, నీరు ప్రవహించే నిలువుగొట్టాలను గాయానికి పైనా కిందా బిరడాలతో మూసేస్తుంది. ఇది బలహీనమైన గోడ. అందుకే కుళ్లు పైకీ కిందికీ తొందరగా పాకుతుంది. రెండవది, ఏటేటా ఏర్పడే వలయాల గోడ. ఇది కుళ్లును దవ్వ వైపు పోనీయకుండా నిలువరిస్తుంది. మూడవది, మధ్యనుంచి బెరడు వైపు చక్రం ఆకుల్లాగా పోయే కణాల వరస. ఇది పక్కలకు అడ్డు. నాలుగవది గాయమయ్యాక కొత్తగా కట్టేది. బెరడు కింద కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. చెట్టు లావెక్కేది దీనివల్లనే. గాయమైననాటి నుంచి ఈ పొర ప్రత్యేకమైన కణాలతో ఒక అడ్డుగోడ పెట్టి, దాని బయట శుభ్రమైన కొత్తకొయ్యను పెంచుకుంటూ పోతుంది. నాలుగింటిలో ఇదే గట్టి గోడ.

ఒక ఇంట్లో ఒక గదికి నిప్పంటుకుంటే ఆ గది తలుపులు మూసేసి, మిగతా ఇంట్లో కాపురం చేస్తూ, పక్కన కొత్త గదులు కట్టుకున్నట్లన్నమాట. కాలిన గది మాత్రం ఎప్పటికీ అక్కడే ఉంటుంది. మీ ఊళ్లో మర్రిచెట్టుకు యాభై ఏళ్ల కిందట ఎవరో వేసిన గొడ్డలిదెబ్బ ఈనాటికీ దాని కడుపులో ఉంది. కాబట్టి చెట్టుకు పెట్టే ప్రతి కోతా శాశ్వతం. చెట్టు డాక్టరుకు చేయి తిరిగి ఉండటంకంటే ముందు ఈ ఎరుక ఉండాలి.

తాటి, కొబ్బరి, ఈత చెట్ల సంగతి మరీ కష్టం. వాటికి కేంబియం పొరే లేదు. మానుమీద పడ్డ గాటు ఏనాటికీ మూతపడదు. ఎక్కటానికి వీలుగా కొబ్బరిమానుకు మెట్లు చెక్కటం ఎంత తప్పో చూశారా! పైగా పెరిగే మొవ్వు ఒక్కటే. అది తెగితే చెట్టే పోయింది.

ఎక్కడ కోయాలి?

కొమ్మ మొదలు దగ్గర జాగ్రత్తగా చూడండి. మానుతో కలిసేచోట ఉంగరం తొడిగినట్లు చిన్న ఉబ్బు కనబడుతుంది. దీన్ని కొమ్మమెడ అనుకుందాం. గోడలు కట్టే సరంజామా అంతా ఆ మెడలోనే ఉంటుంది. మెడకు ఆనుకుని సరిగ్గా దాని బయట కోస్తే గాయం చుట్టూ పెదవిలాంటి కొత్తకొయ్య సమంగా పెరిగి కొన్నేళ్లకు మూసుకుపోతుంది. అందంగా ఉంటుందని మానుకు నున్నగా సాపుచేసి కోస్తే మెడ తెగిపోతుంది. గాయం పెద్దదవుతుంది, కుళ్లు మానులోకే దిగుతుంది. పోనీ అని మూర పొడవు మోడు వదిలేస్తే దాన్ని మూయటానికి కొత్తకొయ్యకు అందదు. మోడు కుళ్లి లోపలికి దారిచూపుతుంది.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయకూడదు. సగం తెగేసరికి అది బరువుకు విరిగి, మాను బెరడును మొలతాడు లాగినట్లు కిందిదాకా చీల్చుకుపోతుంది. అందుకని మూడు కోతలు వేస్తారు. మొదటిది మానుకు జానెడు ఎడంగా కొమ్మ అడుగునుంచి పైకి, మందంలో మూడోవంతు వరకు. రెండవది దానికి కొంచెం అవతల పైనుంచి కిందికి. కొమ్మ పడిపోతుంది, చీలిక మొదటి కోత దగ్గరే ఆగుతుంది. మూడవ కోతతో మిగిలిన మోడును మెడ బయట తీసేస్తారు. తరువాత తారు పూయాలా? ఒకప్పుడు పూసేవారు. తారు కుళ్లును ఆపదని షైగో పరిశోధనలు తేల్చాయి. శుభ్రమైన కోతే అసలు మందు.

అన్నిటికంటే పెద్ద అపచారం చెట్టు తల నరకటం. తీగలకు తగులుతుందనో, గాలికి పడుతుందనో నెత్తి చదునుగా నరికేస్తారు. ఏడాది తిరక్కుండా అక్కడ చీపురుపుల్లల్లాగా గుంపుగా కొమ్మలు లేస్తాయి. ఇవి మాను లోపలినుంచి పుట్టినవి కావు, పై పొరకు అతుక్కున్నవి. కింద కోత కుళ్లుతూ ఉంటుంది, మీద కొమ్మలు బరువెక్కుతూ ఉంటాయి. తరువాతి తుఫానుకు మొదట ఊడిపడేవి ఇవే. కింది కొమ్మలన్నీ నరికి చివర కుచ్చు మాత్రం ఉంచటమూ తప్పే. బరువంతా చివరకు చేరి గాలికి మోపు ఎక్కువవుతుంది. గాలిభయం తగ్గించాలంటే పొడవైన కొమ్మలను వెనకనున్న పిల్లకొమ్మ దాకా పొట్టిచేయాలి. గాలి తోసే చోటు మానుకు దగ్గరైతే మీటకోల పొడవు తగ్గుతుంది, మొదలుమీద ఒత్తిడి తగ్గుతుంది.

అసలు ఈ పని చెట్టు పసిదిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఒకచోటనుంచి రెండు సమానమైన కొమ్మలు ఇరుకుగా లేస్తే వాటిమధ్య బెరడు ఇరుక్కుని అతుకు బలంగా ఉండదు. చిటికెనవేలంత లావున్నప్పుడు ఒకదాన్ని తీసేస్తే చిన్నగాయం. ముప్పై ఏళ్ల తరువాత అదే ఇంటికప్పుమీద పడే కొమ్మ. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు మన పెద్దలు.

బోలుచెట్టును నరకాలా?

మాను డొల్లగా ఉంటే చెట్టు పనైపోయినట్లేనా? తొందరపడకండి. వెదురు డొల్లే, సైకిలు గొట్టమూ డొల్లే. వంగకుండా నిలిపే బలమంతా ఎక్కువగా బయటి పొరల్లోనే ఉంటుంది. గుండ్రని మానులో డొల్లవల్ల పోయే బలం, డొల్ల వ్యాసానికీ మాను వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి నాలుగవ ఘాతంగా ఉంటుంది. మీరే లెక్కకట్టండి. డొల్ల సగం ఉంటే 0.5 నాలుగవ ఘాతం 0.0625. అంటే పోయిన బలం నూటికి 6 పాళ్లే! డొల్ల పదింట ఏడు వంతులుంటే నూటికి 24. పదింట తొమ్మిది వంతులుంటే నూటికి 66. చూశారా, ఒక హద్దు దాటాక బలం ఎంత దబ్బున పడిపోతుందో! వ్యాసార్థంలో మూడింట ఒక వంతుకు దగ్గరగా మంచికొయ్య మిగిలి ఉందా అని జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ ఒక కొండగుర్తు చెప్పాడు. అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మాను ఒకపక్క తెరుచుకుని ఉందా, వేళ్లెలా ఉన్నాయి, కొమ్మల బరువెంత అన్నవీ చూడాలి.

డాక్టరు కొయ్యసుత్తితో మానుచుట్టూ తట్టి వింటాడు. ఖణేల్‌మంటే గట్టి, డబడబమంటే డొల్ల. ఈనాడు మానుచుట్టూ మేకుల్లాంటి గ్రాహకాలు బిగించి, ఒక్కోచోట తట్టి, శబ్దం అటువైపుకు ఎంతసేపటికి చేరిందో కొలిచే యంత్రాలున్నాయి. మంచికొయ్యలో శబ్దం త్వరగా పోతుంది. డొల్లను చుట్టి పోవాలంటే ఆలస్యమవుతుంది. ఆ లెక్కలతో మాను లోపలి బొమ్మ గీయవచ్చు. మొదలు దగ్గర బల్లలాంటి గట్టి పుట్టగొడుగులు కనిపిస్తే మాత్రం యంత్రం రాకముందే అనుమానించాలి. లోపల శిలీంధ్రం చాలాకాలంగా కాపురం చేస్తున్నదని అర్థం.

పిల్లలమర్రికి సెలైన్

తెలుగునాట చెట్టువైద్యానికి పేరుపొందిన ఉదాహరణ మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి. సుమారు ఏడువందల ఏళ్లదని చెప్పే ఈ మర్రిలో 2017 డిసెంబరులో ఒక పెద్దకొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు! సందర్శకులను లోపలికి రానివ్వటం ఆపి, 2018లో అటవీశాఖవారు చికిత్స మొదలుపెట్టారు. కొయ్యకు రంధ్రాలు చేసి చెదలమందు పోస్తే అది బయటికి కారిపోయింది. అప్పుడు ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు సీసాలు వేలాడదీసి, నీటిలో కలిపిన క్లోరోపైరిఫాస్ మందును చుక్కచుక్కగా ఎక్కించారు. చుక్కలుగా పడితే కొయ్యకు పీల్చుకునే వ్యవధి ఉంటుంది. బరువైన కొమ్మలకు కాంక్రీటు స్తంభాలు ఊతమిచ్చారు. గాలిలో వేలాడే ఊడలను గొట్టాలగుండా నేలకు దించారు. ఊడ నేలను పట్టిందంటే అదే కొత్తకాలు.

ఇందులో అసలు కిటుకు గమనించారా? చెదలు తిన్న కొయ్య తిరిగి రాలేదు, రాదు. వైద్యులు చేసింది శత్రువును ఆపటం, బరువు మోయటం, కొత్త ఊడకు దారివ్వటం. పెరగవలసింది చెట్టే.

ఒక్క మోకు, రెండు తాళ్లు

ఇంతవరకు డాక్టరు బుర్ర సంగతి. ఇక అతని ప్రాణం సంగతి. చెట్టెక్కే విద్యలో మన గీతకార్మికులను మించినవారు అరుదు. వారి పరికరం మోకు. మానును, తన నడుమును కలిపి చుట్టిన గట్టి పట్టె. పాదాలు మానుకు తన్నిపెట్టి వెనక్కి వాలితే మోకు మానును అవతలిపక్క నొక్కుతుంది. ఎంత వాలితే అంత నొక్కుడు, అంత ఘర్షణ. ఘర్షణే మనిషిని నిలుపుతుంది. కాని మోకును పైకి జరపటానికి మానును దగ్గరగా కరచుకున్న ఆ క్షణంలో పట్టు వదులవుతుంది. మాను తడిసినా, మోకు తెగినా ఆపేందుకు రెండవది లేదు. ఏటా ఎందరో కార్మికులు పడి చనిపోతున్నారు, నడుములు విరిగి మంచాన పడుతున్నారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్ష’ పేరుతో వారికి భద్రతా సామగ్రి ఇవ్వటం మొదలుపెట్టింది.

వృక్షవైద్యుడి పద్ధతి వేరు. నేలమీద నిలబడే ఒక చిన్న బరువుసంచి కట్టిన సన్నదారాన్ని ఎత్తున ఉన్న లావైన పచ్చికొమ్మ మీదుగా విసురుతాడు. దారంతో అసలు తాడును లాగి, ఒక కొసను తన నడుముకూ తొడలకూ పట్టు ఉన్న బెల్టుకు కట్టుకుంటాడు. రెండవ కొసను ఒక ప్రత్యేకమైన ముడితో అదే బెల్టుకు కలుపుతాడు. బరువు రెండు పాయలమీదా పంచుకుంటుంది. కాబట్టి 60 కిలోల మనిషి, కొమ్మ దగ్గర ఘర్షణను పక్కనబెడితే, 30 కిలోల బలంతో లాగితే పైకి పోతాడు. ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు సుమా! మీటరు ఎత్తు ఎక్కాలంటే రెండు మీటర్ల తాడు లాగాలి. రంపం తీసేముందు వేరొక పట్టెతో మానుకు రెండవ కట్టు కట్టుకుంటాడు. రంపం పొరపాటున ఒక తాడుకు తగిలినా రెండవది ఉండాలి. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథకు నవ్వుతాం. రంపం చేతికొచ్చాక మనం కట్టుకున్న తాడును మరిచిపోవటం అంతకంటే తేలిక. ఇనపముళ్ల బూట్లు పచ్చనిచెట్టుకు వాడడు. ఒక్కో ముల్లూ ఒక్కో గాయం కదా!

చేసి చూడండి

పైన చెప్పిన ప్రత్యేకమైన ముడి ఘర్షణతో పనిచేస్తుంది. ఇలాంటి ముడిని ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చాడు. మీరూ కట్టవచ్చు. ఒక చేంతాడు ముక్కను కిటికీ ఊచకు వేలాడదీయండి. దానికి సగం లావున్న సన్నతాడును ముడివేసి వలయం చేయండి. ఆ వలయాన్ని చేంతాడు చుట్టూ దానిలోనుంచే మూడుసార్లు దూర్చి, చుట్లు పక్కపక్కన పడేలా సర్ది బిగించండి. వలయం చివర పుస్తకాల సంచి తగిలించండి. ముడి కదలదు. సంచి తీసి ముడిని చేత్తో తోయండి. సులువుగా పైకి జరుగుతుంది. బరువుంటే పట్టు, లేకుంటే వదులు! మూడు చుట్లకు బదులు ఒకటే వేసి చూడండి. జారిపోతుంది. అయితే ఇది సంచులకే. దీన్ని నమ్ముకుని ఎవరూ వేలాడకూడదు.

తుఫాను మర్నాడు

అన్నిటిలోకీ ప్రమాదమైన పని తుఫాను మర్నాడు ఉంటుంది. పడ్డచెట్టు కింద ఇరుక్కుని వంగిన కొమ్మ ఎక్కుపెట్టిన విల్లులాంటిది. దాని వెలుపలి పక్క నారలు సాగి ఉంటాయి, లోపలి పక్కవి నొక్కుకుని ఉంటాయి. సాగిన పక్క తెలియక కోస్తే కొమ్మ చెళ్లున లేచి మనిషిని కొడుతుంది. నొక్కుకున్న పక్క లోతుగా కోస్తే రంపం ఇరుక్కుంటుంది. చెట్టులో చిక్కిన తీగలో కరెంటు లేదని విద్యుచ్ఛక్తి సంస్థవారు నిర్ధారించేవరకు దాన్ని తాకరాదు. ఓడరేవులో ఎత్తులకెక్కే కలాసీ, ఉక్కు కర్మాగారంలో ఎత్తున పనిచేసే కార్మికుడు పనికి ముందు తాడునూ బెల్టునూ ఎలా పరీక్షిస్తారో ఇతనూ అలాగే ప్రతిరోజూ పరీక్షిస్తాడు. తాడు ఒకచోట పీచులేచినా పక్కన పడేయవలసిందే.

మన దేశంలో ఈ వృత్తికి ఇప్పుడిప్పుడే గుర్తింపు వస్తున్నది. అమెరికాలో చెట్టువైద్యుల సంఘం 1924లోనే పుట్టింది. అదే ఈనాడు అంతర్జాతీయ సంఘమై పరీక్షపెట్టి యోగ్యతాపత్రాలిస్తున్నది. ఇటువైపు రావాలనుకునేవారికి వృక్షశాస్త్రమూ కావాలి, బలాల లెక్కలూ కావాలి. ములుగు అటవీ కళాశాలలో అటవీశాస్త్రం, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో తోటల శాస్త్రం నేర్పుతారు. తాడుమీద పనిచేయటం మాత్రం అనుభవజ్ఞుడి పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

మీరు ఇప్పుడే చేయగల పని ఒకటుంది. మీ బడి ఆవరణలో చెట్లను ఒకసారి పరీక్షగా చూడండి. మొదలు దగ్గర పుట్టగొడుగు ఉందా? మట్టి ఒకపక్క పగిలి లేచిందా? మాను చుట్టూ సిమెంటు బిగిసిందా? కొమ్మమెడ ఉన్నదా, తెగిందా? రాసుకుని మీ ఉపాధ్యాయులకు చూపించండి. చెట్టు నరకాలంటే 2002నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలన్న సంగతీ గుర్తుచేయండి. తుఫానులు బంగాళాఖాతంలో పుడుతూనే ఉంటాయి. గాలి వచ్చాక చేయగలిగేది రోడ్డుమీది కొమ్మలు తొలగించటమే. చెట్టును నిలబెట్టే పని అంతా అది రాకముందే జరగాలి.